సేలం విచారణలు: గట్టు తగాదా సంగతి

సంపాదకులకు నమస్కారం.

1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణలపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, 19 మందిని ఉరితీయడానికి మూఢనమ్మకమే కారణమని తేల్చేసింది. చేతబడి భయం ఆనాటి మసాచుసెట్స్ వలసంతటా ఉన్నదే. అది ఆ ఊళ్లోనే ఎందుకు రాజుకుందో, ఆ గడపలనే ఎందుకు తాకిందో తెలియాలంటే పటం ముందు పెట్టుకోక తప్పదని, సర్వేయరుగా ముప్పై ఏళ్లు గొలుసు లాగినవాడిగా నా అభిప్రాయం.

గొడవ పుట్టింది రేవుపట్నమైన సేలంలో కాదు, దాని శివారు రైతుల ఊరైన సేలం విలేజ్‌లో. నేటి డాన్వర్స్ అదే. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను: అభియోగాలకు మూలమైన పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంటి జాగాలో, నేటి ఇళ్ల వెనక, రాళ్లు పేర్చిన నేలమాళిగ గొయ్యి మాత్రం మిగిలింది. పట్నం చర్చి తమలో దగ్గరివాడికే ఐదు మైళ్లని, పెళ్లాంబిడ్డలను వదిలి అంతదూరం రాత్రి కాపలాకు రాలేమని ఆ రైతులు 1667లోనే అర్జీ పెట్టుకున్నారు.

ఇక గట్టు తగాదా. ఒకే నేలను పాలకులు ఇటు సేలం వారికీ, అటు పొరుగూరు టాప్స్‌ఫీల్డ్ వారికీ ఇవ్వడంతో, సేలం విలేజ్‌లో నేరాలు మోపిన పుట్నం కుటుంబానికీ, టాప్స్‌ఫీల్డ్‌లో ‘టౌన్’ అనే ఇంటిపేరున్న కుటుంబానికీ ఏళ్ల తరబడి వైరం నడిచింది. మంత్రగత్తెగా నిందకు గురైన 71 ఏళ్ల రెబెకా నర్స్ ఆ టౌన్ల ఆడపడుచు. జ్యూరీ మొదట నిర్దోషి అన్నా, చివరికి ఉరి తప్పలేదు. నేరం మోపినవారు పడమట, మోపబడినవారు తూర్పున ఉన్నారని చరిత్రకారులు గీసిన ప్రసిద్ధ పటాన్ని మాత్రం నేను పూర్తిగా నమ్మను. అందులో అందరినీ చేర్చలేదన్న తర్వాతివారి ఆక్షేపణ న్యాయమైనదే.

ఉత్తరాన మెయిన్ అనే ప్రాంతపు సరిహద్దులో యుద్ధం మరో కారణం. అక్కడ అయినవాళ్లను పోగొట్టుకున్న మెర్సీ లూయిస్ పుట్నంల ఇంట పనిపిల్లగా ఉంటూ, ఒకప్పుడు తనకు పని ఇచ్చిన పాస్టరు జార్జ్ బరోస్‌పైనే సాక్ష్యం చెప్పింది. ఆయనను మెయిన్ నుంచి పట్టి తెచ్చి ఉరితీశారు.

నేరాలు మోపినవారిలో ఒకరు, విచారణలప్పుడు పన్నెండేళ్ల పిల్ల అయిన ఆన్ పుట్నం, 1706లో చర్చిలో అందరి ముందూ లేచి నిలబడగా ఆమె క్షమాపణను పాస్టరు చదివారు. అందులో ప్రత్యేకించి ప్రస్తావించింది రెబెకా నర్స్‌నూ, ఆమె ఇద్దరు తోబుట్టువులనూ. ముగ్గురూ టాప్స్‌ఫీల్డ్ టౌన్ల ఆడపడుచులే.

– విశ్రాంత సర్వేయరు, తెనాలి