ఆ పెద్దావిడకి కారెక్కడిదిరా!

ఒరేయ్ మామా,

మొన్న ఫోన్‌లో "ఫైలే కదలని మీ సర్కారు ఆఫీసులో ఏఐ ఏం చేస్తుందిరా" అని పడీపడీ నవ్వావు కదా. అప్పుడే నాలుగు తిట్టేవాణ్ణి, మీటింగుకి టైమైపోయింది. ఇవాళ ఆదివారం, ఇంట్లో అందరూ పెళ్లికెళ్లారు. తీరిగ్గా రాస్తున్నా.

2001లో హైదరాబాద్‌లో ఈసేవ పెట్టిన కొత్త గుర్తుందా? కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఒకే కౌంటర్లో కట్టొచ్చంటే మా నాన్న నమ్మలేదు. కట్టొచ్చాక కూడా రసీదులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆయన మొహం చూసే నేను ఇటు వచ్చానేమో. "రెండేళ్లు చేసి నీ దగ్గరికి వచ్చేస్తా" అన్నాను. ఆ రెండేళ్లు ఇంకా అవుతూనే ఉన్నాయి! ఈలోగా 2011లో మీసేవ వచ్చింది. ఇప్పుడు ఆంధ్రాలో వాట్సాప్‌లోనే సర్టిఫికెట్లు అడుగుతున్నారు. 2025 జనవరిలో మనమిత్ర అని 161 సేవలతో మొదలుపెట్టారు.

ఇక నా సంగతి. కుర్చీ పేరు చాలా పెద్దది, చేసే పని మాత్రం పేర్లు కలపడం. ఒక శాఖ దగ్గర పింఛన్ల జాబితా, ఇంకో శాఖ దగ్గర బండ్ల జాబితా, మరో చోట భూములు. అన్నీ ఏఐతో కలిపి చూసి అనర్హులెవరో చెప్పమంటారు. మన పేర్ల సంగతి నీకు తెలుసుగా. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకడు కె.ఎస్.హెచ్. పెట్టి రాస్తాడు, ఇంకొకడు ఎక్స్‌తో సరిపెడతాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒట్టి పొడి అక్షరం. ఊరికి నలుగురు వెంకటేశ్వర్లు ఎలాగూ ఉంటారు.

మొదటిసారి ట్రయల్‌గా నడిపినప్పుడు ఏమైందో చెప్పనా? పూరి గుడిసెలో ఉండే ఒక పెద్దావిడకి కారుందని తేల్చింది మా సిస్టమ్. పక్క మండలంలో అదే పేరున్న ఇంకొకావిడ కారు అది! పట్టుకున్నది నేనూ కాదు, మా ఇంజనీర్లూ కాదు. ఏడాదిలో రిటైరయ్యే సూపరింటెండెంటు గారు జాబితా మీద వేలు పెట్టి, "సార్, ఈ ఊరు నాకు తెలుసు, అక్కడికి కారు పోయే దారే లేదు" అన్నారు. నాకు చెమటలు పట్టాయి. ట్రయల్ కాకపోయుంటే ఆవిడ పింఛను ఆగిపోయేదే.

ఇది మా ఒక్కరి బాధ కాదు. ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఒకటి నడిచింది. ఏడాది ఆదాయాన్ని పక్షానికింత అని సమానంగా పంచేసి, లేని బాకీలకి పేదోళ్లకు నోటీసులు పంపారు. మన తెలంగాణలోనే రేషన్ కార్డులు కంప్యూటర్ లెక్కతో కొట్టేశారని కేసు పడింది. 2016 నుంచి రద్దయినవన్నీ ఇళ్లకు వెళ్లి మళ్లీ చూడమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే నాదిప్పుడు ఒకటే పట్టు. మెషీన్ అనుమానం మాత్రమే చెప్పాలి, ఆపే సంతకం మాత్రం ఊరికెళ్లి చూసొచ్చిన మనిషిది కావాలి. "మరి అంత ఖర్చు పెట్టి ఏఐ ఎందుకండీ?" అని మీటింగులో ఒక పెద్దాయన. పదివేల పేర్లలో ఏ రెండొందల ఇళ్లకి వెళ్లాలో చెబుతుంది, అదే గొప్ప అన్నాను. ఆయన కాఫీ తాగారు, ఏమీ అనలేదు.

కంపెనీల వాళ్ల డెమోల గురించి రాస్తే ఇంకో ఉత్తరమవుతుంది. ఒకటి మాత్రం విను. రైతులతో తెలుగులో మాట్లాడే బాట్ అని తెచ్చారు. గొంతు టీవీ వార్తల్లా భలే ఉంది. మా అటెండరు "పహాణీ నకలు కావాలె" అన్నాడు. ఎన్నిసార్లన్నా "క్షమించండి, అర్థం కాలేదు" అంటుంది. దానికి ఒక్క అడంగలే నేర్పారట! రెండూ ఒకే పొలం రికార్డు పేర్లేనని వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

సరే, చేయి నొప్పెడుతోంది. సంక్రాంతికి వస్తున్నావు కదా, వచ్చేలోగా ఒక పని చెయ్. మీ నాన్నగారి పింఛను కాగితాల్లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోమను. నవ్వకు, నిజంగానే చెబుతున్నా.

నీ
రెండేళ్లగాడు