బోర్ కిట్ నంబరు బిల్లు మీద ఎందుకు రాయరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో కొత్త బళ్ళ గురించి ఫోటోలతో వేస్తారు, చూడ్డానికి బానే ఉంటాయి గానీ మా ఊళ్ళో సగం మంది తొక్కేది పాత బళ్ళే సార్, వాటి గురించి కూడా ఒక ముక్క రాయండి అని అడగడానికే ఈ లెటరు.

నాది 2003 స్ప్లెండర్. తెల్లారుజామునే రెండు పాల క్యాన్లు కట్టుకుని గుడివాడ వెళ్ళొస్తా. మొన్న ఎండాకాలం ఆయిల్ చూసుకోలేదు, తప్పు నాదే, దార్లో టకటకమని మొదలై లాగడం మానేసి జామ్ అయిపోయింది. మెకానిక్ ఊడదీసి చూపిస్తే పిస్టన్ ఒక పక్కంతా గీరుకుపోయింది, బోర్ లోపల, అంటే పిస్టన్ పైకీ కిందకీ ఆడే గొట్టంలో, గోరు పెడితే తగిలేంత గీతలు.

స్పేర్ పార్ట్స్ షాపుకెళ్తే మీ మోడల్‌ది స్టాక్ లేదండీ, ఇదేసుకోండి సేమ్ టు సేమ్ అని ఒక బోర్ కిట్ డబ్బా చేతిలో పెట్టాడు, అంటే పిస్టన్, దాని రింగులు, పిన్ను, బోర్ ఉండే బ్లాకు అన్నీ కలిపి వచ్చే సెట్టు. ఏ బండిదండీ అంటే అన్నిటికీ పడుద్దండీ అన్నాడు. 2,300 తీసుకున్నాడు. బిల్లు మీద బోర్ కిట్ ఒకటి అని తప్ప ఇంకేం లేదు.

బిగించడం బానే బిగిసింది, స్టార్ట్ కూడా అయింది. కానీ కిక్కు మరీ తేలిక, మా చిన్నోడు చేత్తో నొక్కినా దిగిపోయేట్టుంది. క్యాన్లు కట్టి కాలవ వంతెన ఎక్కాలంటే సెకండ్ గేర్లో కూడా మూలుగుడే, పెట్రోలు చూస్తే నీళ్ళలా పోతోంది. కొత్త కదా సెట్ అవుద్దిలే అని మెకానిక్ పదిహేను రోజులు నెట్టుకొచ్చాడు.

ఇక లాభం లేదని మళ్ళీ విప్పించి, పాత ముక్కలూ కొత్త ముక్కలూ సంచిలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన లేత్ షాపుకి పోయా. ఆయన మాటా పలుకూ లేకుండా వెర్నియర్ అనే కొలత స్కేలు తీసి కొలవడం మొదలెట్టాడు. పిస్టన్ అడ్డం రెండూ 50 ఎం.ఎం.కి చెందినవే, పిన్ను లావు ఒకటే, బ్లాకు ఎత్తూ ఒకటే. అప్పుడు పిన్ను బెజ్జం దగ్గర్నుంచి పిస్టన్ నెత్తి దాకా కొలిచాడు, అక్కడ దొరికింది దొంగ, కొత్తది రెండు ఎం.ఎం. పొట్టి. "అబ్బాయ్, ఇది పైదాకా వచ్చి నొక్కట్లా, పైన ఖాళీ మిగిలిపోతోంది, ఇంక కంప్రెషన్, అదే లోపల గాలీ పెట్రోలూ నొక్కుకోవడం, ఎక్కడ్నుంచి వస్తది" అన్నాడు. అదే పొడుగుదైతే వాల్వులకి కొట్టుకునేదంట, అప్పుడు హెడ్ కూడా పోయేది.

ఆయన చెప్పిన ఇంకో సంగతి నాకు ఇరవై ఏళ్ళలో ఎవడూ చెప్పలేదు సార్. పాత హీరో హోండా పార్టుల నంబర్లు హోండా పద్ధతిలోనే ఉంటాయంట. మొదటి ఐదంకెలు అది ఏం పార్టో చెప్తాయి, 13101 అంటే మామూలు సైజు పిస్టన్, 13102 అంటే 0.25 ఎం.ఎం. ఎక్కువ సైజు, 13103 అంటే 0.50 ఎం.ఎం. ఎక్కువ. తర్వాత వచ్చే మూడక్షరాలు ఆ పార్టు మొదట ఏ మోడల్ కోసం చేశారో చెప్తాయి. వేరే బండికి కూడా అదే పార్టు వాడితే నంబరు మారదు. అంటే నా పాతదాని నంబరూ కొత్త డబ్బా మీద నంబరూ పక్కపక్కన పెట్టి చూస్తే షాపులోనే తేలిపోయేది, ఈ పదిహేను రోజుల గోల ఉండేది కాదు.

చివరికి నా పాత బ్లాకునే గీతలు పోయేలా 0.50 ఎం.ఎం. వెడల్పు చేసి దానికి సరైన పిస్టన్ వేయించాడు. పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య సందు ఉండాలి గానీ అది వెంట్రుక మందం కన్నా తక్కువే ఉండాలంట. పిస్టన్ మీద ఐ.ఎన్. అనే గుర్తు కార్బురేటర్ వైపు ఉండాలని, పిస్టన్ రింగుల చివర్ల దగ్గరుండే గ్యాపులు ఒకే వరసలో రాకూడదని మా మెకానిక్‌కి ఫోన్లో మరీ చెప్పాడు, మావాడు కాస్త మొహం మాడ్చుకున్నాడులెండి.

వేరే బండి పార్టు వేయడమే తప్పని నేననట్లేదు. 1985లో వచ్చిన సీడీ 100కీ 1994లో వచ్చిన స్ప్లెండర్‌కీ ఇంజిన్ 97.2 సీసీనే, బోరూ, పిస్టన్ కదిలే దూరం అంటే స్ట్రోకూ ఒకటే. ఇలా ఒకదానిది ఒకదానికి పడబట్టే మాలాంటోళ్ళ బళ్ళు ఇన్నేళ్ళు తిరుగుతున్నాయి. కానీ పడుద్ది అన్నవాడు ఏది దేనికి పడుద్దో కాగితం మీద రాసివ్వాలి కదా. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రిపేర్ల సమాచారం దొరికే రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, అందులో బళ్ళ కంపెనీలు కూడా ఉన్నాయి, మంచిదే, కానీ పొద్దున్నే పాలు పోసేవాడు ఫోన్లో ఇంగ్లీషు చదువుకుంటూ కూర్చుంటాడా? బిల్లు మీద పార్టు నంబరు రాయడానికి షాపువాడికి పట్టేది అర నిమిషం. రాయాల్సిందే అని ఒక రూలు పెడితే చాలు, దాంతోపాటు మీరు వారానికి ఒక పాత బండి తీసుకుని దాని పార్టులు ఇంకే బళ్ళకి పడతాయో తెలుగులో వేయండి, మా పాల కేంద్రం గోడకి నేనే అంటిస్తా.

ఆ పొట్టి పిస్టన్ కిట్టు షాపువాడు వెనక్కి తీసుకోలేదు, వాడేశారు కదండీ అన్నాడు. మా అటక మీదే ఉంది. అది ఏ బండిదో మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే చెప్పమనండి, ఊరికే ఇచ్చేస్తా.

ఇట్లు,
ఒక పాల వ్యాపారి, గుడివాడ దగ్గర, కృష్ణా జిల్లా