పనసచెక్క ఇచ్చిన పెద్దాయనకు కృతజ్ఞతలు

అమ్మ పోయిన నాలుగు నెలలకు, ఆమె వీణకు ఊడిన మెట్లు (తీగల కింద ఉండే లోహపు కడ్డీలు) మైనంతో మళ్లీ అమర్చించడానికి బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చేసే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. అప్పటివరకు నాకు ఏడుపు రాలేదు. వీణను చేతుల్లోంచి దించలేక గుమ్మంలోనే నిలబడిపోయిన నన్ను ఆ పెద్దాయన ఏమీ అడగకుండా కూర్చోబెట్టి, ఒక పనసచెక్క ముక్కనూ గరుకు కాగితాన్నీ చేతిలో పెట్టి, "తొందరేటీ లేదు తల్లీ, నున్నబడేదాకా రుద్దు" అన్నారు. పసుపుపచ్చని పొడి ఒళ్లో రాలుతుండగా, రుద్దుతూనే చాలాసేపు ఏడ్చాను. ఆయన మాత్రం తల ఎత్తకుండా 24 మెట్లనూ ఒక్కొక్కటిగా సరిచేస్తూ, మధ్యలో ఒకసారి లేచి మంచినీళ్ల చెంబు నా పక్కన పెట్టారు. నున్నబడిన ఆ చెక్కకు డబ్బు పుచ్చుకోలేదు. అది ఇప్పుడు అమ్మ వీణ పక్కనే ఉంది. అయ్యా, మీకు నా నమస్కారాలు.