ముసుగు తీయకముందు సంగతి

సంపాదకులకు,

అమెరికా కళాశాలల్లో సొరోరిటీలనే విద్యార్థినుల సంఘాలు తమ కొత్త సభ్యులను నలుగురి ముందుకు తెచ్చే ‘ప్రోబేట్’ ప్రదర్శనను మీ ఆదివారం అనుబంధంలో ‘ర్యాగింగ్ తమాషా’ అని కొట్టిపారేశారు. న్యూజెర్సీలో చదువుతున్న మా మనవరాలి ప్రోబేట్‌ను కిందటి ఏప్రిల్‌లో దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి రాస్తున్నాను.

అమ్మాయిలు పొట్టివాళ్ల నుంచి పొడుగువాళ్ల దాకా వరుస కట్టి, ముఖాలు కనపడకుండా ముసుగులు వేసుకుని, ఒకరినొకరు ఆనుకుని నడిచి వచ్చారు. సంఘం స్థాపకుల పేర్లు, చరిత్ర ఒకే గొంతుతో అప్పజెప్పారు. మధ్యమధ్య నేలను కాళ్లతో తాటిస్తూ, చేతులు చరుస్తూ తాళం. ఆపైన ఒక్కొక్కరి ముసుగు తీసి పేరూ, వరుసలో అంకెనూ చాటుతుంటే ఒకటే ఈలలు. ఇంట్లో పద్యం చదవమంటే తలుపు చాటుకు పోయే పిల్ల ఆ రోజు మైకు లేకుండా మైదానమంతా వినిపించింది.

దక్షిణాసియా విద్యార్థినుల సొరోరిటీలు నిన్న మొన్నటివి. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో కప్పా ఫై గామా పుట్టింది 1998లో. ఈ ప్రదర్శన నల్లజాతి విద్యార్థుల సంప్రదాయం. వారి ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో, డెల్టా సిగ్మా తీటా 1913లో, రెండూ హోవర్డ్ విశ్వవిద్యాలయంలోనే మొదలయ్యాయి. మన పిల్లలు ఎవరి దగ్గర నేర్చుకున్నారో మీ వ్యాసంలో ఒక్క ముక్కయినా లేదు.

నా అభ్యంతరం ప్రదర్శన మీద కాదు, దానికి ముందు వారాల మీద. అప్పుడేం జరిగిందని అడిగితే “అది చెప్పకూడదు అమ్మమ్మా” అంది. ముసుగులో ఎవరున్నారో ముందే తెలిస్తే సరదా పోతుంది, సరే. నిద్రపోనివ్వకపోయినా, చేయి చేసుకున్నా చెప్పకూడదా? నల్లజాతి సంఘాలు 1990లోనే కొత్తవాళ్లను వారాల తరబడి పరీక్షించి చేర్చుకునే పాత ‘ప్లెడ్జింగ్’ను రద్దు చేశాయి. హింస ఆగలేదు, చాటుకు పోయింది.

2024 డిసెంబరులో అక్కడ హేజింగ్‌పై, అంటే సంఘాల్లో చేరేవాళ్లను వేధించడంపై, దేశమంతటికీ సమాఖ్య చట్టం వచ్చింది. తప్పు చేసినట్లు తేలిన సంఘం పేరు, అది చేసిన పని కళాశాల తన వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. మన ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ర్యాగింగ్ నిషేధ చట్టం ఉన్నా అలాంటి జాబితా నా కంటపడలేదు. పిల్లలను అంత దూరం పంపే తల్లిదండ్రులకు మీరు చెప్పవలసింది ఇది. మా మనవరాలి సంఘం పేరు వాళ్ల కళాశాల జాబితాలో లేదు. నేనూ మా అల్లుడూ వెతికి చూశాం. ఆ సంగతి పిల్లకు చెప్పలేదు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి