దోర్నాల సైకిల్ మెకానిక్ పెద్దాయనకు కృతజ్ఞతలు

శ్రీశైలం ఘాట్ దిగి దోర్నాల చేరిన రెండు సైకిళ్లలో ఒకదాని వెనక చక్రం వంకర తిరిగితే, పేరైనా చెప్పకుండా సరిచేసి పంపిన పెద్దాయనా, మా ఇద్దరి నమస్కారాలు.

విరిగింది ఫ్రీవీలు (గొలుసు పట్టే పళ్లచక్రం) వైపు స్పోకు, హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గరి వంపులో. సామానంతా వెనక క్యారియర్ మీదే ఉంటే ఎక్కువగా అక్కడే విరుగుతుంది. ఆ వైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి మరి. మీరు ఫ్రీవీలు ఊడదీసి, పాత స్పోకు పక్కన పెట్టి పొడవు చూసుకుని కొత్తది ఎక్కించారు. నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) దాటి పైకొస్తే ట్యూబును పొడుస్తుందని కొసను ఆకురాయితో అరగదీశారు. తర్వాత బ్రేకు రబ్బరునే గుర్తుగా పెట్టుకుని, పావు చుట్టు చొప్పున బిగిస్తూ వంకర తీశారు. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పితే రిమ్ము ఇంకోచోట లాగేస్తుంది. చివర్లో స్పోకులను జతజతగా చేత్తో గట్టిగా పిండారు చూడండి, పట్నం షాపుల్లో కూడా చాలామంది వదిలేసే పని అది.

సామాను సగం ముందుకు మార్చమన్నారు, మార్చాం. ఆత్మకూరు మీదుగా నంద్యాల దాకా చక్రం ఊగలేదు. డబ్బు తీసుకోలేదు సరికదా, టీ కూడా మీరే తాగించారు. ఈసారి అటు వచ్చినప్పుడు ఆ సైజు స్పోకులు ఒక డజను మీ డబ్బాలో వేసి వెళ్తాం.