ఒట్టో అన్నా సంపత్ అన్నా ఒకటే

మాగ్డెబుర్గ్, జర్మనీ

ఒరేయ్ సంపత్,

ఫోన్లో చెబితే సగంలోనే నవ్వేస్తావని ఉత్తరం రాస్తున్నా. మా పై వాటా వాళ్లకి బాబు పుట్టాడు. పేరు ఒట్టో. మెట్ల మీద వాళ్లమ్మ చెబితే నాకు 'ఆటో' అని వినబడింది! ముత్తాత పేరట. మధ్యలో రెండు తరాలు అటకెక్కించి, ఇప్పుడు దుమ్ము దులిపి దించారు.

అర్థం తెలిస్తే ఎగిరి గంతేస్తావు. పాత జర్మన్‌లో 'ఓట్' అంటే సంపద. ఒట్‌ఫ్రీడ్, ఒట్మార్ లాంటి పొడుగు పేర్లని కత్తిరించి ముద్దుగా ఒట్టో అనేవారు, మనం వెంకటేశ్వర్లుని వెంకి చేసినట్టు. అంటే వాడిదీ నీదీ ఒకటే పేరురా! నీ పేరు గుమాస్తా పేరులా ఉందని ఏడుస్తావుగా, ఇక్కడది చక్రవర్తుల పేరు. మొదటి ఒట్టోకి 962లో రోమ్‌లో పోప్ కిరీటం పెట్టాడు. కొడుకు రెండో ఒట్టో, మనవడు మూడో ఒట్టో, వాళ్లూ చక్రవర్తులే. పేర్ల విషయంలో మాత్రం మహా పిసినారి కుటుంబం.

మొదటాయన సమాధి మా ఊరి పెద్ద చర్చిలోనే ఉంది. భార్య ఎడిత్ ఇంగ్లండ్ రాకుమారి. 2008లో అదే చర్చిలో ఒక సీసపు పెట్టె బయటపడింది. అందులోవి ఆవిడ ఎముకలేనా అని పళ్ల ఎనామిల్ పరీక్షిస్తే, చిన్నప్పుడు దక్షిణ ఇంగ్లండ్ సుద్దనేల నీళ్లు తాగిన మనిషని తేలింది. వెయ్యేళ్ల తరవాత పన్ను సాక్ష్యం చెప్పింది, చూడు! ఇంకో తమాషా, ఎడిత్ పేరులో మొదటి ముక్కకీ అర్థం సంపదే. మన పంతులుగారు చూస్తే పేరుబలం బ్రహ్మాండంగా ఉందనేవారు.

మా యూనివర్సిటీ పేరులో ఉన్న ఒట్టో ఫాన్ గెరికే కూడా ఒకప్పుడు ఈ ఊరి మేయరే. రెండు లోహపు అర్ధగోళాల్ని కలిపి, లోపల గాలి తోడేసి, గుర్రాల చేత లాగించాడే, ఆయన.

నిన్న పైకెళితే వాళ్ల గాజు తలుపు మీద కాగితం అక్షరాలు అంటించి ఉన్నాయి. సున్నా, రెండు స్తంభాలు, మళ్లీ సున్నా. ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకటే, మన వికటకవిలాగా. పైగా లోపల్నించి చూసినా తిరగబడదు. తెలుగులో రాస్తే ఆ గమ్మత్తు పోయి, ఎవరో ఒట్టు వేయించుకుంటున్నట్టు ఉంటుంది.

ఆదివారం బాబుని చూడ్డానికి వెళ్తున్నా. నీ కొడుక్కని దాచిన వెండి గ్లాసు నా పెట్టెలో ఉంది, వాడికి ఇచ్చెయ్యనా? నీకింకా పెళ్లి చూపులే కాలేదు మరి.

నీ
రవి