పట్టుకున్నారు సరే, వాడేసిన పిల్లల సంగతేమిటి?

అయ్యా,

జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లకు కండలు పెంచుతాయని అమ్ముతున్న స్టెరాయిడ్ ఇంజెక్షన్లు పట్టుబడిన వార్త పోయిన వారం మీ పత్రికలో చదివాను. బల్ల మీద సీసాలు, వెనకాల అధికారులు నిలబడ్డ ఫొటో వేశారు. ఇప్పటికే వాటిని పొడిపించుకున్నవాళ్లు ఏం చేయాలో ఒక్క ముక్క రాయలేదు. పైగా మెఫెంటర్మిన్‌ను కూడా స్టెరాయిడ్ అన్నారు. అది ఆపరేషన్ టేబుల్ మీద పడిపోయిన బీపీని లేపే మందు. రెండింటినీ ఒకే గాటన కడితే ఎలా? మందుల షాపు నడిపినవాణ్ణి, ఊరుకోలేక రాస్తున్నాను.

బయటి నుంచి స్టెరాయిడ్ పడితే ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తయారీ అణిగిపోతుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి. రొమ్ముల కింద గడ్డలు లేచి ఛాతీ ఉబ్బుతుంది. మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండరం మందమవుతుంది. స్టానొజొలాల్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు కాలేయాన్నీ దెబ్బతీస్తాయి. మానేస్తే సొంత హార్మోన్ కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఆ లోపు వచ్చే నీరసం, దిగులు తట్టుకోలేక మళ్లీ సూది పట్టేవాళ్లున్నారు.

వీళ్లకు వైద్యం చెప్పేది ఎవరయ్యా అంటే జిమ్ ట్రైనర్! ఛాతీ ఉబ్బితే టామోక్సిఫెన్, స్టెరాయిడ్ కోర్సు అయ్యాక క్లోమిఫెన్ వాడమంటాడు. మొదటిది రొమ్ము క్యాన్సర్‌కు, రెండోది పిల్లలు కలగని స్త్రీలకు ఇచ్చేది. టామోక్సిఫెన్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, వీళ్ల రక్తం ముందే చిక్కగా ఉంటుంది. ఒక్క రక్తపరీక్ష లేకుండా వీటిని మింగిస్తున్నారు. ప్రిస్క్రిప్షన్ లేనిదే అమ్మకూడదని 1945 నాటి డ్రగ్స్ రూల్స్ చెబుతున్నా, అడిగినవాడికల్లా కౌంటర్ మీద దొరుకుతున్నాయి. ఎన్నో షాపుల్లో గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతుంది, ఆ మనిషి కనిపించడు. తనిఖీకి వచ్చినవారు రిజిస్టరులో సంతకం చూసి వెళ్లిపోతారు. ఈ నిర్లక్ష్యం ఒక్క స్టెరాయిడ్లతో ఆగలేదు, యాంటీబయాటిక్స్, నిద్రమాత్రలు అన్నీ ఇదే దారిలో పోతున్నాయి.

ఇంట్లో చెప్పుకోలేక, డాక్టరు దగ్గర తిట్లు తినలేక కుర్రాళ్లు దాచుకుంటున్నారు. తల్లిదండ్రులేమో కొడుకు కండలు చూసి మురిసిపోతున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ బోధనాసుపత్రుల ఓపీలో వారానికి ఒక పూటైనా వీళ్లకు కేటాయించాలి. బీపీ, హిమోగ్లోబిన్, లివర్, లిపిడ్ పరీక్షలు, టెస్టోస్టిరాన్‌తో పాటు వృషణాలను పనిచేయించే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ల పరీక్షలు, అవసరమైతే గుండెకు ఎకో స్కాన్ చేయాలి. ఏం వాడాడో నిజం చెప్పిన పిల్లవాడి పేరు గడప దాటకూడదు. ఈసారి దాడుల వార్త వేసినప్పుడు, వాడినవాళ్లు ఎండోక్రినాలజీ (హార్మోన్ల) డాక్టరును కలవాలన్న రెండు వాక్యాలు కూడా ఫొటో కింద అచ్చువేయండి.

— ఒక విశ్రాంత ఫార్మసిస్టు, విజయవాడ